మంచుపెట్టె

ముందు మంచుతో మొదలైంది.

ఆంగెల్మో చేపల బజారులో మూడో కొట్టు నాది.
తెల్లారి ఐదింటికి చేపల కింద పరిచే పొడిమంచు
పిడికెడు తీసి నోట్లో వేసుకునేదాన్ని.
దాహం అనుకున్నాను.
తర్వాత పిడికెళ్ళు లెక్కపెట్టడం మానేశాను.
పక్క కొట్టు ఒలెగారియో నవ్వేవాడు:
"ఎడువినా, నీ నోట్లో గుర్రం మేస్తోందా?"

అప్పటికి ఆపరేషనై మూడేళ్ళు.
నూట ముప్ఫై రెండు కిలోల నుంచి
డెబ్బై నాలుగుకి దిగాను.
పొట్టను కోడిగుడ్డంత చేసి
పేగు మొదటి మలుపు తప్పించి కుట్టారు.
అది తెలిసే సంతకం పెట్టాను.
తెలియనిది ఒక్కటే:
నా ఇనుము దిగే రేవు
ఆ తప్పించిన మలుపులోనే ఉందని.
చెప్పే ఉంటారు.
సన్నబడతానన్న సంబరంలో
నేనే చెవులు కుట్టేసుకున్నానేమో.

బజారంతా మెచ్చుకుంది.
"ఎంత తెల్లబడ్డావే!" అంది వదిన.
దువ్వెన నిండా జుట్టు వస్తే సబ్బు మార్చాను.
రేవు మెట్లెక్కితే గుండె తలుపు బాదింది,
దానికి వయసని పేరు పెట్టాను.
రాత్రుళ్ళు నా కాళ్ళు నన్నొదిలి నడవబోతుంటే
మా ఆయన దిండు తీసుకుని సోఫాలోకి పోయాడు.
అరికాళ్ళ కింద ఎప్పుడూ దూది.
నడుస్తున్నది ఇసుకో నాపరాయో
వంగి చూస్తే గాని తెలిసేది కాదు.

గొర్రెను కోసిన రోజు మా అమ్మ
వెచ్చటి నెత్తుట్లో నిమ్మకాయ పిండి
కొత్తిమీర, ఎండుమిరప పొడి చల్లి
గడ్డకట్టాక గిన్నెలో పెట్టేది. న్యాచి అంటాం.
ఆ గిన్నె నాకి పెరిగిన పిల్ల
ఒక శనివారం బేరం మధ్యలో
ఒంట్లో రక్తం లేక
పీతల బుట్ట మీద పడిపోయింది.

డాక్టర్ ఓయార్సున్ కాగితం చదివింది.
హిమోగ్లోబిన్ ఏడూ తొమ్మిది. ఫెరిటిన్ మూడు.
"మొదటిది చేతిఖర్చు, రెండోది గాదె.
నువ్వు గాదె అడుగు కూడా గీకేశావు."
తర్వాత కళ్ళద్దాల మీంచి చూసి
"మంచు తింటున్నావు కదూ?" అంది.
చర్చి ఫాదరుకి కూడా చెప్పని మాట.
దొంగలా తల దించుకున్నాను.

"మాత్రలు వేసుకుంటున్నానుగా?"
"ఎలా?"
"ఇనుమూ క్యాల్షియమూ కలిపి, పొద్దున్నే మాతే టీతో."
ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుంది.
ఒక్క ఇరుకు గుమ్మంలో ఇద్దర్ని తోసి
పైగా టీని కాపలా పెట్టానట.

మూడో అంతస్తులో, కిటికీ పక్క కుర్చీలో
తుప్పురంగు సంచి వేలాడదీశారు.
చుక్క. చుక్క.
కింద రేవులో పాత ట్రాలర్ పక్కటెముకల్ని
ఉప్పునీళ్ళు పొరలు పొరలుగా కొరుకుతున్నాయి.
సముద్రానికి ఎంత ఇనుమైనా అరుగుతుంది.
నాకే, సూదితో తాగించాలి.

మంచు ఎప్పుడు మానేశానో చూసుకోలేదు.
ఒక తెల్లవారుజామున అలవాటుగా నోట్లో వేసుకుంటే
చేపవాసన. ఉత్త చల్లనీళ్ళు.
ఉమ్మేశాను.

కాళ్ళు మాత్రం ఇంకా పూర్తిగా తిరిగి రాలేదు.
ఎడమ బొటనవేలు రాకపోవచ్చు అంది డాక్టర్.
నెలకో బి పన్నెండు సూది.
ఇనుము నారింజ ముక్కతో,
క్యాల్షియం మధ్యాహ్నం ఫోన్ మోగినప్పుడు.
ఎన్నాళ్ళని అడిగితే
"తింటున్నన్నాళ్ళూ" అంది.

నిన్న ఒలెగారియో కూతురు ఎర్మిందా వచ్చింది.
పోయిన చలికాలంలో తనదీ ఇదే కోత.
నడుముకి కొత్త బెల్టు, చివరి రంధ్రం.
ఆల్చిప్పలు కిలో అడిగింది.
తూకం వేస్తుంటే వినిపించింది
నా వెనక,
కరకరా.

ఏమీ అనలేదు.
చేపలు చుట్టే కాగితం మీద
డాక్టర్ నంబరు రాశాను.
తడిచేతికి సిరా చెదిరిపోయింది.
చేయి తుడుచుకుని
మళ్ళీ రాశాను.