పచ్చబడ్డ తలలు

జొంజు ఊరి దక్షిణపు సంతలో
ముప్పై ఎనిమిదేళ్లుగా తక్ బున్నమ్
చీకటి అమ్ముతోంది.

కుండలో సోయా మొలకలు, పైన నల్లగుడ్డ,
మూడు గంటలకోసారి చెంబెడు నీళ్లు.
గుడ్డ ఎత్తేటప్పుడు కూడా
దీపానికి వీపు అడ్డం పెట్టి నిలబడుతుంది,
పురిటిగది గుమ్మంలో మంత్రసానిలా.
వెలుగు తగిలిందా, పసుపు తల పచ్చబడుతుంది.
పచ్చ తలని ఈ ఊళ్లో ఎవరూ కొనరు.

నా పని ప్రయోగశాలలో, రాత్రిపూట.
దీపాలు వెలిగించడం, ఆర్పడం,
ఏ మొలక ఎంత వెలుగు తాగిందో పద్దు రాయడం.
మొదటి అర నీలం. రెండోది ఎరుపు.
మూడోది రెండూ కలిసిన వంకాయ రంగు,
అందులో పెడితే నా చేతులు నావి కావు.
నాలుగోది ఒట్టి చీకటి. దాని పేరు పోలిక.

మొలకకి కళ్లు లేవు.
అయినా నీలం పడగానే ఉలిక్కిపడుతుంది.
ఎండ వస్తోంది, వెనకే పురుగు వస్తుంది,
కూడబెట్టుకో, దాచుకో అని
తెల్లటి కాడ నిండా గాభరాగా వంట మొదలెడుతుంది.
ఆ గాభరానే మేం మిల్లీగ్రాముల్లో తూచి
విటమిన్ అని రాస్తాం.

మొన్న, పారెయ్యాల్సిన వాటిలోంచి ఒక పిడికెడు
పొట్లం కట్టి ఆమెకి ఇచ్చాను.
జుట్టుకి రంగేసుకొచ్చిన పక్కింటి పిల్లని చూసినట్టు చూసింది.
"వీటికేం జబ్బు?"
"జబ్బు కాదు. రోజుకి పన్నెండు గంటలు దీపం కింద కూర్చున్నాయి."
"మా రెండోవాడూ కూర్చున్నాడు. ఏమొచ్చింది?"

అయినా ఉడకేసింది.
మధ్యలో మూత తీస్తే పచ్చివాసన,
ఇక్కడ పసిపిల్లలకీ తెలుసు.
ఇద్దరం మూత వైపే చూస్తూ కూర్చున్నాం.

నమిలింది. "కాస్త చేదు."
ఇంకాస్త నమిలింది.
"యుద్ధం ఏడాది నల్లగుడ్డంతా మా లాగులైపోయింది.
కుండ మీద కప్పడానికేం మిగల్లేదు.
అమ్మ ఇవే పెట్టేది. తిట్టుకుంటూ తిన్నాం.
ఐదుగురం పిల్లలం. ఐదుగురం మిగిలాం.
దానికీ దీనికీ సంబంధం ఉందంటావా?"

తెలీదన్నాను.
నా పద్దులో ఆ అర లేదు.

ఈ వారం వెళ్లేసరికి చివరి కుండ మీద
గుడ్డ జానెడు మడిచి ఉంది.
సంత పైకప్పు చిల్లులోంచి దిగే ఎండ
సరిగ్గా అక్కడ పడుతోంది.
అట్టముక్క మీద ధర,
మిగతా వాటికంటే మూడొందల వోన్లు తక్కువ.
ఎక్కువ రాయాలి కదా అన్నాను.

వినలేదు.
దీపానికి వీపు పెట్టి
పక్క కుండకి నీళ్లు పోస్తోంది.