బల్ల కింద చెక్కముక్కలు

పాత ఫ్యాక్టరీ గోడ మీద పెద్ద అక్షరాలు:
మనమంతా ఒకే కుటుంబం.
ఒక శుక్రవారం ఆ గోడ కిందే నిలబెట్టి
పద్దెనిమిది మందికి కవర్లు పంచారు.
నా కవరు మీద పేరు తప్పు రాశారు.

ఇక్కడ, మటొజీన్యుష్ రేవు పక్కన
ఈ చేపల డబ్బాల షెడ్డులో
గోడలకి సున్నం తప్ప ఏమీ లేదు.

మొదటి రోజు ఒకాయన టేపు పట్టుకొచ్చాడు.
యూనిఫాం కొలతలకేమో అనుకున్నాను.
మోచేతి నుంచి నేల దాకా కొలిచి
నా బల్ల కాళ్ళ కింద చెక్కముక్కలు దోపి
"నడుము లాగితే చెప్పు, ఇంకో జత ఉంది" అని వెళ్ళిపోయాడు.
నలభై ఏడేళ్ళలో నా ఎత్తు అడిగినవాళ్ళు
పాస్‌పోర్టు ఆఫీసువాళ్ళు,
వీళ్ళూ.

కవళ్ళ తలలు తీయడం, పేగు లాగడం,
తోక ఇటు, మెడ అటు పేర్చడం,
డబ్బాకి రంగు కాగితం చుట్టడం.
ఎన్ని చుట్టామో లెక్కపెట్టరని కాదు.
ఎర్మెలిందా పలక మీద రాస్తూనే ఉంటుంది.
లెక్క తగ్గిన రోజున "ఏమైంది?" అంటుంది,
అని, జవాబు కోసం ఆగుతుంది.

జనవరిలో పడవలు కదలవు.
పాతచోట అది పస్తుల నెల.
ఇక్కడ గంట మామూలుగానే మోగింది.
యంత్రాలకి నూనె పట్టాం,
కిటికీలకి నీలం రంగు వేశాం.
కేప్ వెర్దే నుంచి కొత్తగా వచ్చిన నిల్డాకి
కాగితం మడత నేర్పాను.
బడి మొహం సరిగా చూడని నేను
మూడు వారాలు పంతులమ్మని, జీతంతో సహా!

ఉన్నమాట చెప్పాలి. జీతం గొప్పదేం కాదు.
అద్దె పోగా బూట్లు కొనాలంటే రెండు నెలలు ఆగుతాను.
వానొస్తే కప్పు మూడుచోట్ల కారుతుంది.
యజమాని ఔరేలియుకి ముక్కు మీద కోపం.
మూతలు వదులయ్యాయని ఒకసారి
అందరి ముందూ నా మీద అరిచాడు.
తప్పు యంత్రానిదని సాయంత్రం తేలింది.
అరిచిన చోటే నిలబడి
అరిచినంత గట్టిగానూ
క్షమించమన్నాడు.

నిన్న ఫిలోమెనాకి ఆఖరి రోజు.
కేకు ఉంది, ఉపన్యాసం లేదు.
టేపు పట్టుకొచ్చే ఆయన వంగి
ఆమె బల్ల కింద ముక్కలు లాగి
తుడిచి చేతిలో పెట్టాడు.
ముప్పై మూడేళ్ళ చేపనూనె తాగి నల్లబడ్డాయవి.
ఆమె ఏమీ అనలేదు.
చేతులు వాటంతటవే ఒక కాగితం అందుకున్నాయి,
డబ్బాని చుట్టినట్టే, మూలలు నొక్కి,
చుట్టేశాయి.

నేను చెప్పు విడిచి
నా బల్ల కింద కాలి వేళ్ళతో తడిమాను.
ఉన్నాయి.