ఇంటిపేరు పించం

బడిలో హాజరు పిలిచినప్పుడల్లా నవ్వేవారు,
పించం సువార్తమ్మా, నీ నెమలేదే, అని.
జాలరిపేటలో నెమలెక్కడిది?
మా చూరు కింద ఆరేవి కవళ్ళూ నెత్తళ్ళూ.
వాటికి రంగులుండవు,
వాసనే.

ముప్పయ్యేళ్ళు పోర్టు వేబ్రిడ్జి మీద
లారీల బరువు రాసి రిటైరయ్యాక
మా ఇంటిపేరు బరువెంతో చూద్దామనిపించింది.
పాతపట్నం చర్చిలో, పాస్టరు గారి గదిలో,
చెదలు తినగా మిగిలిన రిజిస్టరు.
పేజీ తిప్పితే ఒళ్ళోకి పొట్టు రాలేది.
మూడో రోజు దొరికాడు.

ఎనోక్ ఫించమ్. ఓడ వడ్రంగి. నార్ఫోక్ వాడు.
పద్దెనిమిది వందల అరవై ఎనిమిదిలో పెళ్ళి.
వయసు ఇరవయ్యారు.
సంతకం ఉండాల్సిన చోట రెండు గీతలు,
ఒకదాన్నొకటి కోసుకుంటూ.

పైకే నవ్వాను. పాస్టరు గారు తలెత్తి చూశారు.
చిన్నప్పట్నుంచీ మాకు చెప్పిన దొరకి
టోపీ ఉంది, గుర్రం ఉంది, గొలుసు గడియారం ఉంది.
వీడికి తన పేరు రాయడం రాదు!
రాసేవాడి చెవికెలా పడితే అలాగ:
పెళ్ళినాడు ఫించమ్,
తొలిబిడ్డ బాప్తిస్మానికి ఫించుం,
మూడో బిడ్డ నాటికి పింజం.
తెలుగులోకి వచ్చేసరికి
నెమలి ఎక్కి కూర్చుంది.

మనవడి అట్లాసులో నార్ఫోక్ వెతికాను.
అక్కడా సముద్రమే. అక్కడా ఉప్పుచేపే అయుంటుంది.
మరి ఎందుకొచ్చాడు?
అప్పుకి పారిపోయాడో, ఆకలికి ఓడెక్కాడో,
ఆ గడి రిజిస్టరులో లేదు.

అత్త మరిడమ్మకి తొంభై దాటాయి.
వాళ్ళ నాయనమ్మ చెప్పిందట,
పెట్టెడు ఇనప మేకులు మోసుకొచ్చాడని.
ఒడ్డున దిగి చూస్తే
ఈ పడవలకి మేకే లేదు.
పలకనీ పలకనీ కొబ్బరితాడుతో కుట్టేస్తారు.
కెరటం కొడితే వంగుతుంది,
ఇసక తగిలితే సర్దుకుంటుంది.
మేకు దిగిన పడవ మూడో కెరటానికి ముక్కలు.

"మరేటి సేస్తాడు?
కూకుని కుట్టడం నేర్సుకున్నాడు.
నేర్పింది ఆవిడే."
ఆవిడంటే ఎవరత్తా?
"ఆవిడేనే. తాడు పేనినావిడ."
మరి ఆ మేకులో?
"వలలకి బరువు కట్టీసింది."

రిజిస్టరులో ఆవిడ ఉంది.
'ఈ ఊరి స్త్రీ' అని ఉంది.
పక్కన వేరే సిరాతో మేరీ అని ఇరికించారు.
నీళ్ళు చల్లిన నాడు ఇచ్చిన పేరు కాబోలు.
అంతకు ముందు ఇసకలో ఆడుకునేటప్పుడు
వాళ్ళమ్మ ఏమని కేకేస్తే వెనక్కి తిరిగేదో,
నూకాలో, పైడమ్మో, ఎర్రమ్మో,
నేను మూడూ పిలిచి చూశాను,
ఆ పేజీ మీద, పెదవి కదపకుండా.

ఖననాల పుస్తకంలో వాడికి ఒకే మాట: జ్వరం.
పెళ్ళైన పదకొండేళ్ళకి. వయసు నలభై రెండు.
కూడితే ఐదేళ్ళు తేడా.
వేబ్రిడ్జి మీదైతే లారీని వెనక్కి పంపేసేదాన్ని.
పెళ్ళికూతురికి చిన్నవాడిలా కనబడాలనుకున్నాడేమో,
ఆ ఒక్క అబద్ధం దగ్గర
వాడు కాస్త నా మనిషనిపించాడు.

పాత శ్మశానానికి వెళ్ళాను.
రాళ్ళ నిండా కెప్టెన్లు, కలెక్టర్ల పసిపిల్లలు.
ఓడ వడ్రంగికి రాయెవరు పెడతారు?
డాల్ఫిన్ కొండ అవతల ఏదో ఓడ కూత పెట్టింది.
కాపలాదారు చీపురు పక్కన పెట్టి వచ్చాడు:
"ఎవరి తాలూకమ్మా?"
నోట్లో ఫించమ్ తిరగలేదు.
పించం తాలూకు, అన్నాను.

"నెమలి బొమ్మున్న రాయా?"
అని అతను తుప్పల్లోకి నడిచాడు,
ఒక్కో శిలువ మీది నాచు బొటనవేలితో గీకి చూస్తూ.
కాదు, అని చెప్పాల్సింది.
చెప్పలేదు.
చెప్పులు చేత పట్టుకుని
నేనూ వెనకే వెళ్ళాను, నెమలిని వెతుక్కుంటూ.