ఇరవై పది

వేట మూసేశారు. బడీ మూసేశారు.
తుమ్మలపెంట ఇసకలో
పడవలూ పిలకాయలూ ఒకచోటే పడున్నారు.

నేను పడవ నీడన కూచోని
వల బాగుచేసుకుంటా ఉంటే
ఆ పక్కనే మా మోక్షిత వేలంపాట పెట్టింది.
గవ్వలేమో కానాగంతలంట,
తెగిపోయిన చెప్పు చందువంట,
కొబ్బరిచిప్ప తక్కెడ.
"ఇరవై ఏడూ... ఇరవై ఎనిమిదీ..."
గొంతు అచ్చం వాళ్ళమ్మదే.
"ఇరవై తొమ్మిదీ... ఇరవై పదీ!"

కొనేవోడు పామంజోళ్ళ విఘ్నేష్ గాడు, ఊరుకోలా.
"ఇరవై పది యాడుందిమే?"
"నీకాడ డబ్బుల్లేకపోతే లేవని చెప్పు."
కాసేపు జుట్లు పట్టుకున్నారు. ఆనక
ఇద్దరూ కూచోని
గవ్వల్ని పదేసి కుప్పలు పోశారు.
మూడో కుప్ప నిండేతలికి
దాని నోరు మూతబడింది.
"ముప్పయ్యేలే," అనింది,
నష్టానికి అమ్మినట్టు.

సెలవులకని పంతులమ్మ ఇచ్చిన పుస్తకం
అట్ట నలగకుండా సంచిలోనే ఉంది.
నేను చెబుదామంటే
నా చదువు మూడో తరగతి దాటలా.
ఒకరోజు మాత్రం వల చేతికిచ్చా, కన్నులు లెక్కబెట్టమని.
అడ్డం పన్నెండు, నిలువు తొమ్మిది,
తడుముకోని తడుముకోని నూటెనిమిది అనింది.
పీత కొరికినయ్యి తీసేస్తే ఎన్నంటే
లెక్క వదిలేసి
ఆ పీత ఎంత లావుందో ఇసకలో గీసి చూపించమనింది.
గీశా. కాళ్ళు తక్కువేశానని తిట్టింది.

రాత్రి అన్నం కాడ మా ఆడమనిషి అడిగింది,
మళ్ళీ సముద్రం మీదికి ఎప్పుడని.
"ఇంకా ఇరవై పది రోజులుంది," అన్నా.
పిల్ల నా తొడ గిల్లింది.