సగం అద్దె

నెవాడాలో మే నెల. మంచు కరిగి పదిరోజులు.
గ్యాస్ పైపు వెళ్ళబోయే దారిలో
మొక్కకో జెండా గుచ్చుకుంటూ పోతున్నాం
నేనూ, గ్రాసియానా ఎచార్ట్.
ఆమె తాత గొర్రెలు కాయడానికి బాస్క్ కొండల నుంచి వచ్చినవాడు.
ఆమెకి మోకాళ్ళు పనిచెయ్యవు, నోరు మాత్రం భేషుగ్గా ఉంది.

బూడిదరంగు సేజ్ పొదలు, బూడిదరంగు నేల,
వాటి మధ్య హఠాత్తుగా
ఎవరో కుంచె ముంచి విదిలించినంత ఎరుపు.

"పువ్వనకు," అంది. "అవి ఆకులు.
పువ్వు లోపల దాక్కుంది, చూడు,
పెళ్ళి ఫొటోకి నిలబడనని మొరాయించే తమ్ముడిలా."
ఎర్రాకు విప్పితే పచ్చటి సన్న గొట్టం.
హమ్మింగ్ పిట్టకి ఈ సంగతి ముందే తెలుసు.

ఫారంలో ఒక గడి: తరలించవచ్చునా?
జానెడు దూరం వదిలి తవ్వాను.
మట్టి దులిపితే
దాని వేరు, పక్కనున్న సేజ్ వేరుని
ఆవగింజంత బొడిపెతో కరుచుకుని ఉంది.

పచ్చటి ఆకులున్నాయి కదా,
ఎండలో తన అన్నం తను వండుకుంటుంది కదా,
మరి పొరుగు కుండలో చెయ్యెందుకు?
బదనికైతే కొమ్మెక్కి కూర్చుంటుంది, నలుగురూ తిడతారు.
ఇది నేలకింద పని.
పైన ఎరుపు చూసి అందరూ ఫొటోలు తీస్తారు.
మట్టిలో సెలీనియం ఉంటే
ఆ విషాన్నీ తాగి దాచుకుంటుందట.

గ్రాసియానా రాయి మీద కూలబడింది.
"అక్క కట్టలిన్ ట్రెయిలర్‌లో పందొమ్మిదేళ్ళున్నా.
సగం అద్దె ఇచ్చేదాన్ని, అదీ గుర్తున్న నెలల్లో.
ఎప్పుడూ అడగలేదు.
అడగలేదు కాబట్టి ఉందనుకున్నా."

సేజ్ పొద ఆ వైపు కాస్త పలచగా ఉంది.
లేదా, తెలిశాక అలా కనిపించిందేమో.

తవ్విన మొక్కని కాఫీ కప్పులో నిలబెట్టి
నా సీసాలో నీళ్ళన్నీ దానికే పోశాను.
ఈలీ ఊరి దీపాలు కనిపించేసరికి వాలిపోయింది.
నీళ్ళున్నాయి. ఒంటరిగా తాగడం దానికి రాలేదు.

గ్రాసియానా పెన్ను లాక్కుని ఆ గడిలో,
గడి దాటి అంచుల మీదుగా రాసింది:
రెండూ కలిపి, మట్టితో సహా.
కుదరదంటే పైపుని వంచుకోండి.

మర్నాడు ఆఫీసు నుంచి ఫోను.
ఆ గడిలో అవును, కాదు
రెండే పడతాయట.