పదకొండోది

కౌంటర్ వెనక గోడ మీద చట్టం వేలాడుతోంది,
లామినేషన్ అంచులు లేచిపోయి:
కొత్తది ఒకటి అమ్మితే పాతది ఒకటి తీసుకోవాలి.
కట్టిన పది డాలర్లు వాపసివ్వాలి.
కాదనడానికి వీల్లేదు.
నేను కాదనను. పంతొమ్మిదేళ్లుగా ఇదే కొట్టు.

మిషిగన్ ఉత్తరాన, మా ఊళ్లో,
జనవరి అంటే కార్లు దగ్గడం కూడా మానేసే నెల.
పొద్దున్నే వస్తారు, చచ్చిన బ్యాటరీని
రెండు చేతులా పొట్టకి ఆనించుకుని,
యాసిడ్ కారితే కోటు పోతుందని తెలిసీ.
మూతలు పైకి ఉండేలా నిలబెడతాను,
వరసకీ వరసకీ మధ్య అట్ట,
పగిలినదానికి వేరే తొట్టి.
నెలకోసారి లారీ. రసీదు మీద సంతకం.
రాత్రి ఉతికిన నా జీన్స్‌కి
తొడ దగ్గర సన్నటి చిల్లులు, చిమటలు కొట్టినట్టు.

మొన్న అక్టోబర్లో ఆనకట్ట మరమ్మతుకని
సరస్సు నీళ్లు దించారు.
స్కూలు బస్సు నడిపి రిటైరైన ఆర్వో కెస్కి
బురదలోంచి పదకొండు ఏరి ట్రైలర్లో తెచ్చాడు.
చేపల పడవలకి లంగర్లట అవి.
బరువు బాగుంటుంది, ఊరికే దొరుకుతుంది.
ఒకదాని పిడికి నైలాన్ తాడింకా ఉంది.

"ఇవి నువ్వు తీసుకోనక్కర్లేదు ఇల్మా,
నేనేం కొనలేదుగా" అన్నాడు గోడ కేసి చూసి.
నిజమే. ఒకటికి ఒకటి.
అతను కొన్నది సున్నా, నా బాకీ సున్నా.

తొడుగులు వేసుకుని పాచి తుడిచాను.
పదకొండోదాని మూత మీద,
అమ్మిన నెల దగ్గర సుత్తితో నొక్కిన చుక్క,
పక్కనే మేకుతో గీసిన వంకర 'ఈ'.
మా నాన్నది. గ్యారంటీకని గీసేవాడు.

పదేళ్లప్పుడు ఈ గల్లాపెట్టె పక్కనే కూర్చుని విన్నాను:
"పాతదాన్నేం చెయ్యను, ఎయినో?"
"నీ ఇష్టం. నాకెందుకది?"
చెడ్డవాడు కాదు నాన్న.
సెంటు తేడా వస్తే వీధి చివరిదాకా పరిగెత్తి ఇచ్చొచ్చేవాడు.
ఆ ఒక్క మాట మాత్రం
నలభై ఏళ్లకి పైగా నీళ్లలో నానింది.

పదకొండూ తీసుకున్నాను.
గల్లాలోంచి కాదు, నా పర్సులోంచి పది తీసి
ఆర్వో చొక్కా జేబులో పెట్టాను.
"ఇదెందుకు?"
"వాపసు. కొంచెం ఆలస్యమైంది."

తాడుతో ఉంటే లారీవాడు ఎక్కించుకోడు.
ముడి నీళ్లకి రాయిలా బిగిసింది.
కత్తెర కనపడుతూనే ఉంది సొరుగులో.
కొట్టు కట్టేసే వేళ దాకా
గోళ్లతోనే కూర్చున్నాను.