జామీను

మా ఊర్లో నూట ఆరు ఇండ్లు, డెబ్బై నాలుగు బోర్లు.
గుట్ట అవతల ఊర్లో నలుగురికి ఒక బోరు,
ఒక మోటారు, వంతులు రాసుకున్న ఒక పలక.
మా ఊర్లో ఎవరి గుంత వాళ్ళది.
నీళ్ళున్నవి తొమ్మిది.
మిగతావాటి నోటి మీద పగిలిన చట్టి,
చట్టి మీద బండరాయి, పిల్లోళ్ళు పడకుండా.

నేను సొసైటీ గుమాస్తాను.
కల్యాణదుర్గం నుంచి ఆఫీసరు వచ్చినప్పుడల్లా అడుగుతాడు:
"వాన తక్కువ, ఒప్పుకుంటా. రాళ్ళనేల, ఒప్పుకుంటా.
అదే వాన, అదే నేల వాళ్ళకీ కదప్పా?"
టీ తాగి, అప్పు ఫారాలు తిరగేసి
ఒక గడి మీద వేలు పెడతాడు.
జామీనుదారు సంతకం.
ఇరవై ఏండ్లుగా ఆ గడి
ఎండాకాలం పెన్న ఇసక మాదిరి తెల్లగా ఉండాది.

ఏం చెప్పేది ఆయనకు.
ఫారంలో ధాత కరువుకు గడి లేదు.

మా అవ్వకు వాళ్ళవ్వ చెప్పిన లెక్క ఇది.
ఆ ఏడు నాగజెముడు పండ్లు కూడా అయిపోయినాయి.
అప్పుడొచ్చినాడు మేస్త్రీ,
తలకు ఎర్రగుడ్డ, నడుముకు గలగలమనే సంచి.
సముద్రమనే మాటే ఎత్తలేదు.
"పట్నంలో కాలవ పని, ఆరునెల్లకు ఇంటికి" అన్నాడు.
వాడి మాట ఎవరు నమ్ముతారు?
అందుకే ఒక్కొక్కరి దగ్గరికి
ఒక్కో తెలిసిన మనిషిని పంపినాడు.
కుళ్ళాయప్పను పిలిచింది వాళ్ళ బావమరిది.
మారెక్కను, ఆమెతో జతగా కలుపు తీసే మనిషి.
తిప్పన్నను, అతని తమ్ముణ్ణి,
ఒకే బావికి కపిల తోలిన పక్క చేని ఆసామి.
"నాది జామీను" అన్నారంట అందరూ.
ఆ మాట మీద పదిహేడు మంది బండెక్కినారు.
గుత్తి రైలు దాకా బండిజాడ ఉండె,
ఆ తర్వాత లేదు.

చాన్నాళ్ళకు ఒక కార్డు వచ్చిందంట,
చెరుకుతోటల దీవి ముద్రతో.
చదివేవాళ్ళు లేక చూరులో దోపినారు.
చెదలు చదివింది.

పిలిచినోళ్ళకు తలకు రెండు రూపాయలు.
ఆ రూపాయల జొన్నలతో బతికిన కడుపుల్లోనే
మేమందరం పుట్టినాం.

ఇప్పుడు ధాత కరువు పేరు తెలిసినోళ్ళు
ఊర్లో ముగ్గురో నలుగురో.
అయినా చీటీ పాట ఒక్కటీ నిలబడదు.
పాలకేంద్రం ఎనిమిది నెల్లు నడిచి మూతబడింది,
పక్కామె క్యానులో నీళ్ళున్నాయని ప్రతి ఒక్కరికీ అనుమానం.
పెండ్లికి బియ్యమిస్తారు, పీనుగుకు భుజమిస్తారు,
వేలిముద్ర మాత్రం ఇయ్యరు.
"చెయ్యి ఇయ్యి, వేలు ఇయ్యొద్దు" అని
నడక రాకముందే నేర్పుతారు పిల్లోళ్ళకు.
ఎందుకని అడిగితే,
ఎందుకేముంది, మా నాయన చెప్పినాడు అంటారు.

చెనిక్కాయలు కలిసి అమ్మితే
క్వింటాలుకు నాలుగొందలు ఎక్కువొస్తుంది.
కలవరు.
దళారీ గడప గడపకూ వచ్చి
ఒక్కొక్కరికి ఒక్కో ధర చెప్తాడు,
మెల్లగా, చెవి దగ్గర.
ఏడాదికి ఊరికెంత నష్టమో ఒకసారి కట్టినాను.
దాన్ని నూటాయాభైతో గుణించబోయి
పెన్ను మూసేసినాను.

మా ఇంటిపేరు చెప్పలేదు కదూ.
మేస్త్రోళ్ళు.
ఆఫీసరు మేడలు కట్టే పని అనుకుంటాడు.
నేను సరిదిద్దను.

నిన్న హుసేనమ్మ వచ్చింది, కుట్టుమిషను అప్పుకు.
అన్నీ నింపినాం. ఆ గడి మిగిలింది.
ఫ్యానుగాలికి ఫారం ఎగురుతుంటే అణిచిపెట్టి
"నేను చేస్తా సంతకం" అన్నాను.
ఇన్నేండ్లలో మొదటిసారి అన్నాను.
పేరు రాసినాను. ఇంటిపేరు ఇంకా ఎండలేదు.
ఆమె దాని వైపే చూసింది.
తిట్టలేదు. ఏమీ అడగలేదు.
ఫారం నా చేతికింద నుంచి మెల్లగా లాక్కొని
నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది.

"ఉండనీలే సామీ,
చేత్తోనే కుట్టుకుంటా."